ఎన్ని కుట్టాలో నిర్ణయించేది ఎవరు?

అధ్యక్షులవారికి, వేదికపైనున్న పెద్దలకు, దుస్తుల రూపకల్పన, తయారీ, అమ్మకాల రంగాల్లో పనిచేస్తున్నవారికి, త్వరలో ఆ రంగంలోకి అడుగుపెట్టబోతున్న విద్యార్థులకు నమస్కారం.

అతి ఉత్పత్తినీ అతి వినియోగాన్నీ తగ్గించడంలో దుస్తుల తయారీదారుల బాధ్యత గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ సంగతి ఎక్కడ చర్చకు వచ్చినా, మాట చాలా తొందరగా కొనేవాళ్ల మీదికి మళ్లిపోతుంది. బీరువాలు నిండిపోయినా ఇంకా కొంటున్నారని, నాలుగుసార్లు తొడిగి పక్కన పడేస్తున్నారని, అవసరానికీ సరదాకీ తేడా తెలియడం లేదని వాళ్లకు హితబోధ చేయడం మనకు అలవాటైపోయింది. ఆ మాటల్లో నిజం లేదని అనను. కానీ కొనేవాడు దుకాణంలోకి అడుగుపెట్టడానికి ఆరు నెలల ముందో ఏడాది ముందో ఒక గదిలో కొందరు కూర్చుని, ఫలానా చొక్కా ఫలానా రంగులో ఇన్ని వేలు కుట్టించాలని ఒక అంకె వేస్తారు. ఆ అంకె వేసే సమయానికి కొనేవాడు ఆ గదిలో లేడు. అతని సంయమనానికిగానీ దుబారాకుగానీ అక్కడ చోటు లేదు. ఈరోజు నేను ప్రధానంగా మాట్లాడదలచుకున్నది ఆ అంకె గురించి.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. తయారీదారులు అన్నప్పుడు సాధారణంగా మన కళ్ల ముందు కనిపించేది కుట్టుమిషన్ల వరసలున్న ఫ్యాక్టరీ. కానీ నేటి రెడీమేడ్ వ్యాపారంలో పేరున్న బ్రాండ్లలో చాలావాటికి సొంత ఫ్యాక్టరీలే ఉండవు. డిజైను, ధర, గడువు, పరిమాణం బ్రాండు నిర్ణయిస్తుంది. ఫ్యాక్టరీ చెప్పిన లెక్కకు, చెప్పిన తేదీకి కుట్టి పంపుతుంది. కాబట్టి నేను బాధ్యత అన్నప్పుడల్లా ఆర్డరు కాగితం మీద సంఖ్య రాసే చేతినే ఉద్దేశిస్తున్నానని గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీకీ కొంత బాధ్యత ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పరిమాణం ఎంతో ఒకసారి చూద్దాం. పత్తి, ఉన్ని, పాలియెస్టర్ వగైరా అన్ని రకాల పీచూ కలిపి 2000 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 5.8 కోట్ల టన్నులు ఉత్పత్తయింది. 2023 నాటికి అది దాదాపు 12.4 కోట్ల టన్నులకు చేరింది. అంటే రెట్టింపుకన్నా ఎక్కువ. ఇదే కాలంలో ప్రపంచ జనాభా పెరిగింది మూడో వంతు లోపే. ఈ పీచంతా బట్టలకే పోదు. తెరలకు, దుప్పట్లకు, వాహనాల సీట్లకు కూడా వాడతారు. కానీ దుస్తుల వరకు చూసినా కథ అదే. బ్రిటన్‌కు చెందిన స్వచ్ఛంద సంస్థ ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం 2000 నుంచి 2015 వరకు పదిహేనేళ్లలో దుస్తుల ఉత్పత్తి సుమారు రెట్టింపయింది. ఒక దుస్తును పారవేసే లోపల తొడుక్కునే సార్లు మాత్రం 36 శాతం తగ్గాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మనుషులు రెట్టింపు బట్టలు కట్టుకోవడం లేదు. ఒక్కో బట్టను తక్కువసార్లు కట్టుకుంటున్నారు. ఒంటికి ఉన్న అవసరం పెరగలేదు, ఆ అవసరం తీర్చడానికి వాడే సరుకు పెరిగింది. ఈ పెరుగుదలలో సింహభాగం పాలియెస్టర్‌ది. ముడిచమురు నుంచి తయారయ్యే ఈ పీచు ఇప్పుడు మొత్తం ఉత్పత్తిలో సగానికి మించిపోయింది. పత్తి పండాలంటే పొలం కావాలి, నీళ్లు కావాలి, ఋతువు కలిసి రావాలి. పాలియెస్టర్‌కు ఆ హద్దులేవీ లేవు. ఎంత కావాలంటే అంత తీయవచ్చు, అందుకే తీస్తున్నారు.

ఇక అసలు ప్రశ్న. ఇంతింత సరుకు ఎందుకు మిగిలిపోతోంది? అంచనా తప్పిందని బ్రాండ్లు చెబుతాయి. వాతావరణం అనుకూలించలేదని, జనం అభిరుచి మారిందని, పోటీ పెరిగిందని అంటాయి. నా అభిప్రాయంలో ఇది అరకొర సమాధానం. అంచనా పొరపాటున తప్పేదే అయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ఏటా ఎక్కువవైపే తప్పుతోందంటే అది పొరపాటు కాదు, లెక్క. ఆ లెక్కను మీ ముందు పెడతాను. కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే నా ప్రసంగం మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

సరుకుల నిల్వలను గణితంతో అధ్యయనం చేసేవారు దీన్ని పేపర్లమ్మే కుర్రవాడి లెక్క అంటారు. పొద్దున్నే ఎన్ని పేపర్లు కొనాలో అతను నిర్ణయించుకోవాలి. తక్కువ కొంటే వచ్చే లాభం పోతుంది, ఎక్కువ కొంటే సాయంత్రానికి చిత్తుకాగితం మిగులుతుంది. ఇప్పుడు ఒక చొక్కా తీసుకుందాం. దాని అమ్మకపు ధర 100 పాళ్లు అనుకుంటే, బ్రాండుకు అది చేతికందేసరికి అయ్యే ఖర్చు 20 పాళ్లు అనుకుందాం. అడిగినవాడికి చొక్కా లేకపోతే బ్రాండు పోగొట్టుకునేది 80 పాళ్ల లాభం. చొక్కా అమ్ముడుపోకుండా మిగిలితే పోగొట్టుకునేది 20 పాళ్ల ఖర్చు. ఈ రెండు నష్టాలనూ తూచి చూస్తే, 100లో 80 వంతుల సందర్భాల్లో గిరాకీ తీర్చగలిగినంత కుట్టించడమే లాభదాయకమని లెక్క తేలుతుంది. మరోలా చెప్పాలంటే, అయిదు సీజన్లలో నాలుగింట సరుకు మిగిలిపోయేటంత ఆర్డరివ్వడమే ఇక్కడ తెలివైన వ్యాపారం. మిగిలిన చొక్కాను డిస్కౌంటులో పడేసి 10 పాళ్లు రాబట్టుకోగలిగితే నష్టం మరింత తగ్గి, తొమ్మిది సీజన్లలో ఎనిమిదింట మిగిలేటంత కుట్టించడం లాభసాటి అవుతుంది. క్లియరెన్స్ సేల్ మిగులుకు విరుగుడని మనం అనుకుంటాం. నిజానికి వచ్చే ఏడాది మిగులుకు ఊతమిచ్చేది అదే.

ఈ లెక్కలో ఎవరి దుర్మార్గమూ లేదు. ఆర్డరు వేసే ఉద్యోగి తన పని తాను సక్రమంగా చేస్తున్నాడు. చొక్కా చౌకగా తయారవుతున్నంత కాలం, మిగిలిన చొక్కా భారాన్ని మరొకరు మోస్తున్నంత కాలం, అతను అలాగే చేస్తాడు, అలా చేయకపోతే ఉద్యోగం పోతుంది. కాబట్టి బాధ్యత అన్న మాటకు అర్థం ఉండాలంటే ఆ లెక్కలోకి వెళ్లే అంకెలు మారాలి. కుట్టినవారికి న్యాయమైన కూలీ ఇచ్చి, మంచి గుడ్డ వాడితే ఖర్చు 20 పాళ్ల నుంచి 40కి చేరిందనుకుందాం. మిగిలిన చొక్కాను వదిలించుకోవడానికి ఎదురు 20 పాళ్లు కట్టాలని చట్టం చెప్పిందనుకుందాం. అప్పుడు లాభమూ 60, నష్టమూ 60. మిగలడం, చాలకపోవడం రెండూ సమానమైన తప్పులవుతాయి. ఆ రోజున అదే ఉద్యోగి, అదే కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరూ నీతులు చెప్పకుండానే తక్కువ సంఖ్య రాస్తాడు.

కాగితం మీది లెక్క ఫ్యాక్టరీలో ఎలా కనిపిస్తుందో ఇప్పుడు చూద్దాం. కటింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లండి. పొడవాటి బల్ల మీద గుడ్డను మడతల్లేకుండా పొర మీద పొర పరుస్తారు. పలచటి గుడ్డ అయితే వందకు పైగా పొరలు పడతాయి. పైన మార్కర్ ఉంటుంది. ముందు భాగం, వెనక భాగం, చేతులు, కాలరు, జేబు, ఇలా రకరకాల సైజుల ముక్కలను వీలైనంత దగ్గరగా ఇరికించి గీసిన పటం అది. ఆ గీతల వెంట కత్తి మిషన్ ఒక్కసారి తిరిగితే వందల చొక్కాల ముక్కలు దొంతరలుగా లేస్తాయి. ఎంత నైపుణ్యంగా ఇరికించినా గుడ్డలో 10 శాతానికి పైగానే పీలికలుగా బల్ల కిందికి పోవడం మామూలే. ఇక్కడ గమనించవలసింది, మార్కర్ తయారు చేయడానికీ, బల్ల సిద్ధం చేయడానికీ, మిషన్ల వరసను కొత్త డిజైనుకు అమర్చడానికీ అయ్యే శ్రమ మూడు వందల చొక్కాలకైనా మూడు వేల చొక్కాలకైనా దాదాపు ఒకటే. అద్దకంలోనూ అంతే. ఒక రంగు తొట్టి నింపాక అందులో ఇంత గుడ్డ ముంచితేనే గిట్టుబాటవుతుంది. అందుకే ఫ్యాక్టరీ కనీస ఆర్డరు ఇంత ఉండాలంటుంది, ఇంకాస్త ఎక్కువ తీసుకుంటే ఒక్కో ముక్కకు ధర తగ్గిస్తానంటుంది. రెండు వేలు కావలసినవాడు మూడు వేలు రాస్తాడు. ఆ అదనపు వెయ్యి ఎవరూ అడిగినవి కావు. ఒక్కో ముక్క ధర తగ్గడానికి పుట్టినవి. ఫ్యాక్టరీకీ బాధ్యత ఉందని మొదట్లో అన్నది ఇందుకే. చిన్న ఆర్డర్లను గిట్టుబాటుగా కుట్టగల అమరిక తెచ్చుకోవడం దాని పని, ఆ అమరికకయ్యే ఖర్చులో పాలు పంచుకోవడం బ్రాండు పని.

సైజుల సంగతీ ఇలాంటిదే. ప్రతి రంగులోనూ ప్రతి సైజూ అలమరలో ఉండాలని దుకాణాలు పట్టుబడతాయి. మధ్య సైజులు రెండు వారాల్లో అయిపోతాయి, చివరి సైజులు సీజను దాటినా కదలవు. ఒకే చొక్కా విషయంలో కొరతా మిగులూ ఒకేసారి ఉంటాయన్నమాట. సగం ఖాళీగా ఉన్న అలమర చూస్తే కొనేవాడికి మనసు రాదన్న నమ్మకం ఈ వ్యాపారంలో బలంగా ఉంది. అందువల్ల అమ్మడానికి కొంత, అలమర నిండుగా కనబడటానికి కొంత కుట్టిస్తారు.

మరి మిగిలినదంతా ఏమవుతోంది? ఈ ప్రశ్న బయటి ప్రపంచానికి గట్టిగా వినిపించింది 2018లో. బ్రిటన్‌కు చెందిన బర్బెరీ సంస్థ అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన సరుకును నాశనం చేసినట్లు దాని వార్షిక నివేదికలోనే ఉంది. ఖరీదైన బ్రాండు చౌకగా దొరికితే పేరు పోతుందన్న భయంతో ఈ రంగంలో ఇలా చేయడం కొత్త కాదు. విమర్శలు వెల్లువెత్తాక అదే ఏడాది సెప్టెంబరులో ఆ సంస్థ ఈ పద్ధతి మానేస్తున్నట్లు ప్రకటించింది. ఆ 2018లోనే మరో చివరన, చౌక దుస్తులకు పేరుపొందిన హెచ్ అండ్ ఎం నిల్వ సరుకు విలువ సుమారు 430 కోట్ల డాలర్లకు చేరిందన్న వార్తా వచ్చింది. ఒకటి ఖరీదైన బ్రాండు, ఒకటి చౌక బ్రాండు. గొడౌన్ల పరిస్థితి మాత్రం ఒక్కటే.

ఫ్రాన్స్ 2020లో చేసిన చట్టం ద్వారా, అమ్ముడుపోని ఆహారేతర వస్తువులను తగలబెట్టడం, పూడ్చిపెట్టడం నిషేధించింది. దుస్తులకు అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం అమ్ముడుపోని దుస్తులను, పాదరక్షలను నాశనం చేయడం పెద్ద కంపెనీలకు 2026 జులై 19 నుంచి, మధ్యతరహా కంపెనీలకు 2030 నుంచి నిషేధం. చిన్న సంస్థలను మినహాయించారు. ఇంకా ముఖ్యమైన విషయమేమిటంటే, అమ్ముడుపోక వదిలించుకున్న సరుకు ఎంతో, ఎందుకు వదిలించుకున్నారో పెద్ద కంపెనీలు బయటపెట్టాలని కూడా ఆ నిబంధన చెబుతోంది. ఐరోపా మార్కెట్‌లోకి వచ్చే వస్త్ర ఉత్పత్తుల్లో 4 నుంచి 9 శాతం దాకా ఒక్కసారీ వాడకుండానే నాశనమవుతున్నాయని ఐరోపా పర్యావరణ సంస్థ 2024లో అంచనా వేసింది. ఎవరి చెమటా లేకుండా ఆ బట్టలు పుట్టలేదు కదా.

ఈ నిషేధాలను నేను స్వాగతిస్తాను. అయితే వాటితోనే పని పూర్తయిందనుకోకూడదు. తగలబెట్టడం మానేసిన సరుకు ఎక్కడికో ఒక చోటికి వెళ్లాలి. సులువైన దారి సముద్రం మీదుగా దూరదేశానికి పంపడం. ఘనా రాజధాని అక్రాలో కంటమాంటో అనే పాతబట్టల బజారు ఉంది, ప్రపంచంలోని అతి పెద్ద పాతబట్టల బజార్లలో అదొకటి. అక్కడి వర్తకులు బిగించిన బేళ్లను లోపల ఏముందో చూసే వీలు లేకుండానే కొంటారు. విప్పాక మంచి బట్టలు వస్తే ఆ పూట గడుస్తుంది, చిరిగినవో మరకలు పడ్డవో పలచటి చౌక సరుకో వస్తే అప్పు మిగులుతుంది. వారానికి దాదాపు 1.5 కోట్ల బట్టలు అక్కడికి చేరుతున్నాయని, ఆ బజారులో పనిచేస్తున్న ది ఓర్ ఫౌండేషన్ అంచనా. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో ఇకీకే ఓడరేవుకు ఏటా దాదాపు 59,000 టన్నుల బట్టలు దిగుమతి అవుతాయని 2021లో వార్తాసంస్థలు రాశాయి. అమ్ముడుపోనివాటిలో పెద్ద భాగం పక్కనే ఉన్న అటకామా ఎడారిలో, ఆల్టో హోస్పిసియో పట్టణం శివార్లలో గుట్టలుగా పేరుకుంది. వాన జాడే అరుదైన ఆ ఎడారిలో పాలియెస్టర్ కుళ్లదు, కరగదు. ఆ గుట్టల్లో ధర చీటీ కూడా ఊడని కొత్త బట్టలు కనిపించాయి. దానం, ఎగుమతి అన్న పేర్లతో మన ఖాతాలో నుంచి కొట్టివేసిన సరుకు ఇంకొకరి నేల మీద అలాగే ఉంటుంది. నేను ముందు చెప్పిన లెక్కలో మిగిలిన చొక్కా ఖర్చు బ్రాండు మీద పడకపోవడం అంటే సరిగ్గా ఇదే: ఆ ఖర్చును కంటమాంటో వర్తకుడు, ఆల్టో హోస్పిసియో పురపాలక సంఘం చెల్లిస్తున్నాయి.

ఇక్కడ మీలో కొందరికి ఒక అభ్యంతరం వచ్చి ఉంటుంది. జనం అడుగుతున్నారు కాబట్టే కుడుతున్నాం, అడగడం మానేస్తే మేమూ మానేస్తాం అని. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. ఎవరూ ఎవరి చేతులూ పట్టుకుని కొనిపించడం లేదు. కానీ గిరాకీ దానంతటదే ఆకాశం నుంచి ఊడిపడుతుందనుకోవడం అమాయకత్వం. ఒకప్పుడు ఏడాదికి రెండు సీజన్లుండేవి. ఇప్పుడు కొన్ని దుకాణాల్లో ప్రతివారం కొత్త సరుకు, కొన్ని ఆన్‌లైన్ వేదికల మీద రోజుకు వేల కొత్త డిజైన్లు. ఫోను తెరిస్తే ఇంకా పదకొండు నిమిషాలే గడువు అంటూ వెనక్కి నడిచే గడియారం, రెండే మిగిలాయి అన్న హెచ్చరిక, ఇంకొకటి కొంటే రవాణా ఉచితమన్న ఊరింపు. నచ్చకపోతే ఉచితంగా వెనక్కి పంపవచ్చు కాబట్టి ఒకే చొక్కాను మూడు సైజుల్లో తెప్పించుకోవడం మామూలైపోయింది. వెనక్కి వచ్చినదాన్ని విప్పి, పరీక్షించి, ఇస్త్రీ చేసి, మళ్లీ మడిచి అమ్మకానికి పెట్టే ఖర్చుకన్నా పారేయడమే చవక అనిపించే ధరలో ఆ చొక్కా తయారై ఉంటుంది. ఇవన్నీ జీతాలిచ్చి పెట్టుకున్న బృందాలు రోజుల తరబడి పరీక్షించి అమర్చిన ఏర్పాట్లు. గిరాకీ పెంచడానికి ఇంత ఖర్చు పెట్టినవారు, ఆ గిరాకీ తమ చేతిలో లేదని చెప్పడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణగా అందరూ చెప్పేది అమెరికాకు చెందిన దుస్తుల సంస్థ పటగోనియాను. 2011 నవంబరు 25న, అమెరికాలో అమ్మకాలు ఉప్పొంగే బ్లాక్ ఫ్రైడే నాడు, ఆ సంస్థ న్యూయార్క్ టైమ్స్‌లో తన కోటు బొమ్మ వేసి దాన్ని కొనవద్దని పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. ఆ కోటు తయారీకి ఎన్ని నీళ్లు, ఎంత కాలుష్యం అయ్యాయో కిందనే రాసింది. ధైర్యమైన పని, సందేహం లేదు. ఆ తర్వాతి ఏడాది ఆ సంస్థ అమ్మకాలు పెరిగాయి. దీన్ని కపటమని నేను అనను. వాళ్లు మరమ్మతు కేంద్రాలు నడిపారు, వాడిన బట్టలను తీసుకుని మళ్లీ అమ్మారు. కానీ ఒక పాఠం మాత్రం ఉంది. ఎంత నిజాయతీగా చెప్పినా, తక్కువ కొనండి అన్న సందేశం కూడా ప్రచారంగా మారిపోగలదు. అందుకే నాకు సందేశాల మీదకన్నా సంఖ్యల మీద గురి.

రీసైక్లింగ్ గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే దానికి దక్కవలసినదానికన్నా ఎక్కువ సభాసమయం ఇప్పటికే దక్కుతోంది. పాతబట్ట నుంచి మళ్లీ బట్టకే వాడే పీచు, దుస్తుల తయారీకి వాడే సరుకులో ఒక శాతం లోపే అని నేను ముందు చెప్పిన 2017 నివేదిక తేల్చింది. కారణం చేతిలోకి ఒక జీన్సు ప్యాంటు తీసుకుంటే తెలుస్తుంది. గుడ్డ పత్తే అయినా సాగడానికి అందులో కొంచెం ఎలాస్టేన్ ఉంటుంది, కుట్టిన దారం పాలియెస్టర్, జేబుల మూలల్లో లోహపు రివెట్లు, నడుము దగ్గర అట్టలాంటి చీటీ. వీటిని విడదీసే ఖర్చు కొత్త పీచు ధరకు మించిపోతుంది. ఇక రీసైకిల్ చేసిన పాలియెస్టర్ అని చీటీల మీద రాసేదాంట్లో అత్యధికం ప్లాస్టిక్ సీసాల నుంచి వస్తోందే తప్ప పాతబట్టల నుంచి కాదు. సీసాగా మళ్లీ మళ్లీ తిరగగలిగేది ఒకసారి చొక్కాగా మారాక చాలావరకు అక్కడితో ఆగిపోతుంది.

మరి చేయగలిగినది ఏమిటి? కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా లేదు. రంగు విషయంలో అంచనా తప్పడమే మిగులుకు పెద్ద కారణమని గుర్తించి, ఇటలీకి చెందిన బెనెటన్ సంస్థ దశాబ్దాల కిందటే స్వెటర్లను రంగు వేయని నూలుతో అల్లి ఉంచి, ఏ రంగు అమ్ముడుపోతోందో చూశాక అద్దకం వేయించేది. నిర్ణయాన్ని వీలైనంత చివరి క్షణం దాకా వాయిదా వేయడం ఇందులోని కిటుకు. మొదటి విడతలో తక్కువ కుట్టించి, గుడ్డ తానును ముక్కలు చేయకుండా అలాగే ఉంచుకుని, అమ్మకాలు చూసి రెండో విడత కత్తిరించడం కూడా ఈ కోవలోదే. కత్తిరించని గుడ్డకు ఇంకా ఎన్నో దారులుంటాయి, కుట్టేసిన చొక్కాకు ఒకటే దారి. ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. చిన్న విడతలు, వేగవంతమైన సరఫరా అన్న సూత్రాన్నే పట్టుకుని ఇంకా ఎక్కువ డిజైన్లు గుప్పించిన కంపెనీలూ ఉన్నాయి. ఒక్కో డిజైనులో మిగులు తగ్గింది, మొత్తం గుట్ట పెరిగింది. అందువల్ల మిగులు శాతం తగ్గించామని ఎవరైనా చెప్పుకుంటే, మొత్తం ముక్కలు ఎన్ని అని అడగండి.

రెండోది, బట్ట మన్నడం. మంచి ప్యాంటు లోపల నడుము వెనక కుట్టు దగ్గర గుడ్డ ఎంత వదిలారో తిప్పి చూడండి. వేలెడు గుడ్డ వదిలితే, మనిషి కాస్త లావైనప్పుడు కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు, ప్యాంటు ఇంకో అయిదేళ్లు నడుస్తుంది. చౌక ప్యాంటులో కుట్టుకు ఆనుకునే కత్తిరించి, పోగులు ఊడకుండా అంచుకు ఓవర్‌లాక్ కుట్టు వేసేస్తారు. ఆదా అయ్యే గుడ్డ ఒక ప్యాంటులో లెక్కకు రాదు, లక్ష ప్యాంట్లలో లెక్కకు వస్తుంది. కానీ ఆ ఆదా కోసం లక్ష ప్యాంట్ల ఆయుష్షు తగ్గించారు. డిజైన్ విద్యార్థులు ఈ ఒక్క సంగతి మీద పట్టుబట్టినా చాలు. అదనపు గుండీ, విడిగా మార్చుకోగల జిప్పు, ఉతికితే వంకర పోని గుడ్డ, ఇవన్నీ పాత దర్జీలకు తెలిసినవే.

మూడోది చట్టం చేయవలసిన పని. వస్తువు అమ్మాక కూడా దాని అంతిమ దశ వరకు తయారీదారే బాధ్యత వహించాలన్న సూత్రాన్ని స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో ప్రతిపాదించారు. దుస్తులకు దాన్ని మొట్టమొదట వర్తింపజేసిన దేశం ఫ్రాన్స్, 2007లో. నెదర్లాండ్స్ 2023లో అనుసరించింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య 2025లో తన సభ్యదేశాలన్నీ ఇలాంటి ఏర్పాటు చేయాలని నిర్ణయించింది. మార్కెట్‌లో పెట్టే ప్రతి బట్టకూ ఇంత అని రుసుము కట్టించుకుని, ఆ డబ్బుతో సేకరణ, వేరుచేయడం, మరమ్మతు నడిపించడం దీని పద్ధతి. ఫ్రాన్స్‌లో 2023 చివరి నుంచి చిరిగిన బట్ట బాగుచేయించుకుంటే ఖర్చులో కొంత తగ్గింపు ఈ నిధి నుంచే వస్తోంది. సూత్రం మంచిదే, ఆచరణలో రుసుము మరీ నామమాత్రంగా ఉంటోంది. ఒక బట్ట మీద పడే రుసుము ఆర్డరు వేసేవాడి చేతిని ఆపలేనంత చిన్నదైతే, అది బాధ్యత కాదు, కాలుష్యానికి కొనుక్కున్న రసీదు. అటకామాలో గుట్టను ఎత్తడానికి అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకుని రుసుము నిర్ణయించాలి.

ఒక బ్రాండు ఒంటరిగా తగ్గించుకుంటే పోటీలో వెనకబడిపోతుంది కదా అని వ్యాపారవర్గాలు అంటాయి. ఇది నిజమైన ఇబ్బందే. అందుకే స్వచ్ఛంద ప్రతిజ్ఞల మీద నాకు నమ్మకం తక్కువ. అందరికీ ఒకే రోజున ఒకే నియమం వర్తించాలి. నిజాయతీగల తయారీదారులు ఇలాంటి చట్టాలను అడ్డుకోవడం మాని, అడిగి మరీ తెచ్చుకోవాలి.

చివరగా అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. తక్కువ కుడితే కుట్టేవాళ్ల గతి ఏమిటి? లక్షలమంది, అందులోనూ ఎక్కువగా మహిళలు, ఈ పని మీదే బతుకుతున్నారు. అతి ఉత్పత్తిని తగ్గించాలని చెప్పేవారు ఈ ప్రశ్నను దాటవేస్తే వాళ్ల మాటకు విలువ ఉండదు. అయితే నేటి పద్ధతి ఆ కార్మికులను కాపాడుతోందా అన్నదీ చూడాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగులను పంపేసింది. పై అంతస్తుల్లోని దుస్తుల ఫ్యాక్టరీల వాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రప్పించారు, ఆర్డర్ల గడువు తరుముతోంది కాబట్టి. 2020లో కరోనా వచ్చి దుకాణాలు మూతబడగానే బ్రాండ్లు, ఇంకా కుడుతున్నవీ, కుట్టేసినవీ కూడా రద్దు చేయడమో ఆపేయడమో చేశాయి. ఒక్క బంగ్లాదేశ్‌లోనే 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆర్డర్లు అలా నిలిచిపోయాయని అక్కడి దుస్తుల ఎగుమతిదారుల సంఘం ప్రకటించింది. గుడ్డ కొన్నది ఫ్యాక్టరీ, కూలీ ఇవ్వవలసింది ఫ్యాక్టరీ. సంఖ్య రాసింది మాత్రం మరొకరు. సంఖ్య తప్పినప్పుడు దాని భారం రాసినవారి మీద పడదన్న ధీమా ఉన్నచోట సంఖ్య ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది.

అందువల్ల ఆర్డరు ఒప్పందంలో కొన్ని మాటలు తప్పనిసరి చేయాలి. గుడ్డ కత్తిరించాక రద్దు కుదరదు. గుడ్డ కొన్నాక రద్దు చేస్తే దాని ఖరీదు బ్రాండే భరించాలి. ముందుగా కొంత సొమ్ము చెల్లించాలి. ఒక చొక్కా అమ్మకపు ధరలో కుట్టినవారికి చేరేది ఇప్పటికీ చాలా చిన్న పాలు. దాన్ని రెట్టింపు చేసినా ధర పెద్దగా కదలదు. సంఖ్య తగ్గినప్పుడు మొత్తం కూలీ తగ్గకుండా ఉండాలంటే ఒక్కో ముక్కకు కూలీ పెరగాలి. ఇందాకటి లెక్క ప్రకారం ఖర్చు పెరిగితే సంఖ్య తగ్గుతుంది కదా. మంచి కూలీ, తక్కువ ఉత్పత్తి రెండూ ఒకదానికొకటి శత్రువులన్న మాట అందువల్ల పూర్తిగా నిజం కాదు. కొన్ని ఉద్యోగాలు మరమ్మతుల్లోకి, వేరుచేసే పనిలోకి మారవచ్చు గానీ అవి అదే ఊళ్లో అదే మనిషికి దొరుకుతాయని హామీ లేదు. ఆ సంధికాలం ఖర్చు కూడా తయారీదారుల రుసుములోంచే రావాలని నేను అడుగుతాను.

ఇంతా చేసి, ఏటా ప్రపంచంలో ఎన్ని బట్టలు తయారవుతున్నాయన్న ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా లేదు. ఫ్యాషన్ రెవల్యూషన్ అనే సంస్థ 2023లో 250 పెద్ద బ్రాండ్లను పరిశీలిస్తే, 88 శాతం తాము ఏడాదికి ఎన్ని తయారు చేయించాయో బయటపెట్టలేదు. కర్బన ఉద్గారాల గురించి వంద పేజీలు రాసే కంపెనీ ఈ ఒక్క సంఖ్య రాయదు. అది తెలియక కాదు. ప్రతి ముక్కకూ బార్‌కోడు ఉన్న రోజులివి. మీలో చదువు ముగించి ఇలాంటి కంపెనీల్లో చేరబోయేవారు ఉద్యోగ ఇంటర్వ్యూ చివర్లో, మీరేమైనా అడగాలా అని వాళ్లు అన్నప్పుడు, గత ఏడాది ఎన్ని ముక్కలు కుట్టించారు, అందులో పూర్తి ధరకు ఎన్ని అమ్మారు, మిగిలినవి ఎక్కడున్నాయి అని అడగండి. మదుపరులు వార్షిక సమావేశంలో ఇదే అడగాలి, ప్రభుత్వాలు ఇదే అడగాలి. అమ్మకాల పక్కన ఈ మూడు సంఖ్యలూ అచ్చు వేసిన వార్షిక నివేదిక వచ్చాక, రుసుము ఎంత ఉండాలి, పరిమితి ఎక్కడ పెట్టాలి అన్న విషయాల మీద ఆధారాలతో చర్చించుకోవచ్చు.